పద్నాలుగో నిమిషం

ముప్పై ఒక్క ఏళ్ళు మా హాల్బర్ట్ హైస్కూలు మైదానం గడియారం ఓపల్ స్టెగల్ చేతిలో ఉంది. అందులో పందొమ్మిదేళ్ళు ఆమె పక్క కుర్చీలో మైకు పట్టుకుని కూర్చున్నది నేను. ఆమె గురించి చెప్పే హక్కు నాకుంది, తలదించుకోవాల్సిన అవసరమూ నాకే ఉంది. 2020 ఆగస్టులో మా ఊరి పెద్దమనుషులు ఆమె చేత చేయించిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఓపల్ జిన్నింగ్ మిల్లులో పత్తి తూకం చీటీలు రాసేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. శుక్రవారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉందంటే మధ్యాహ్నం మూడింటికే మైదానం పక్కన మెట్లెక్కి వెళ్ళే మా చెక్క గదికి వచ్చి, తాళం తీసి, దూరంగా ఉన్న పెద్ద బోర్డు మీద అంకెల్ని తన చేతి గడియారంతో సరిచూసుకునేది. ఆట మొదలైతే వేలు మీట మీద, చూపు రిఫరీ చేతి మీద. ఒకసారి చిప్స్ మీద వేడివేడి మాంసం కూర పోసి అమ్మే పొట్లం తెచ్చి, కాస్త తినమని ఆమె ముందుకు జరిపాను. "వెర్న్, నా కళ్ళకి ఆకల్లేదు. వాటి పని వాటిని చేసుకోనీ," అంది, తల తిప్పకుండానే.

1998లో ఏం జరిగిందో మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. జిల్లా ఫైనల్లో మేము నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. బంతి గీతకి రెండు గజాల దూరంలో ఉంది. బంతి విసరాల్సినవాడు ఓపల్ మేనల్లుడే, అంటే ఆమె పుట్టింటి యాన్సీ వాళ్ళ పిల్లాడు, తమ్ముడు లీలండ్ కొడుకు. ఆమె వేలు అర సెకను బద్ధకించి ఉంటే కుర్రాళ్ళకి ఇంకో అవకాశం దక్కేది. బద్ధకించలేదు. బోర్డు సున్నాకి వచ్చింది, మేము ఓడిపోయాం. నెల రోజులపాటు ఊళ్ళో ఎవరూ ఆమెను పలకరించలేదు. హోటల్లో కాఫీ పోసే అమ్మాయి కూడా ఆమె కప్పును వదిలేసి పక్క బల్లకి వెళ్ళిపోయేది. ఓడినవాడి తండ్రి లీలండ్ మాత్రం రోజూ పొద్దున్నే ఆమె ఇంటికి కాఫీకి వెళ్ళేవాడు. ఎవరైనా కదిపితే, మా అక్క గడియారం అబద్ధమాడదు అని ఒకే మాట చెప్పి ఊరుకునేవాడు.

ఆ లీలండ్ నలభై ఏళ్ళు అదే మిల్లులో పత్తి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక స్కూలు జట్టు సామాను గది చూసుకునేవాడు. హెల్మెట్లు తుడవడం, వాటి లోపలి మెత్తలు పిల్లల దవడలకి సరిపోయేలా బిగించడం, చెమట బట్టలు ఉతకడం అతని పని. కిటికీ లేని ఆ గదిలో అతను లేకపోతే మా జట్టు బట్టలేసుకుని బయటికి రాలేదు.

జూలై ఆఖర్లో స్కూలు భోజనాల హాల్లో సమావేశం పెట్టారు. ఊళ్ళో అప్పటికే కరోనాతో ఇద్దరు పోయారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఈ ఏడాది ఆట ఎలా జరిపించాలన్నదే అందరి దిగులు. రాష్ట్రం నుంచి కాగితం వచ్చింది. రోగం సోకినవాడికి ఆరడుగుల లోపల పదిహేను నిమిషాలు ఉన్నవాళ్ళందరూ రెండు వారాలు ఇళ్ళలో ఉండాలి. అంటే ఒక్క కుర్రాడు పడితే సగం జట్టు ఇంటికే. ఈ ఏటికి ఆపేద్దామని స్కూలు నర్సు అంది. ఒక్కరు కూడా ఆమె వైపు తిరగనైనా తిరగలేదు.

అప్పుడు కోచ్ కూన్స్ నవ్వాడు. కాగితంలో పదిహేను అనే కదా ఉంది, మనం పద్నాలుగుకే ఆపేద్దాం అన్నాడు. ప్రాక్టీసులో పిల్లల్ని గుంపులు చేస్తాడట. పద్నాలుగో నిమిషం కాగానే హారన్ కొడితే గుంపులు మారతాయట. ఎవడూ ఎవడి పక్కనా పదిహేను నిమిషాలు ఉన్నట్టు కాదు, ఎవడూ ఇంటికి వెళ్ళక్కర్లేదు. ఆటలో గడియారాన్ని బోల్తా కొట్టించడం అలవాటైన బుర్రలు కదా, రోగం కూడా ఎదుటి జట్టే అనుకున్నాయి. హాలంతా చప్పట్లు మోగిపోయాయి. నేను కూడా కొట్టాను. ఆ ముక్క దాచిపెడితే ఈ మిగతాదంతా రాసే అర్హత నాకు లేదు.

హారన్ కొట్టే పని ఓపల్‌కి అప్పజెప్పారు. ఎందుకో కూన్స్ దాచుకోకుండానే చెప్పాడు. "మిస్ ఓపల్, మీరు సంతకం పెట్టిన టైముని ఈ రాష్ట్రంలో ఎవడూ తప్పు పట్టలేడండి." ఆమె మొహం వెలిగిపోయింది. 1998 తర్వాత ఊరు ఆమెను మెచ్చుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. డాక్టర్లు చెప్పిన పద్ధతే కాబోలు, పిల్లల్ని కాపాడే పనేనని ఆమె నిజంగా నమ్మింది.

ఆగస్టు మూడున ప్రాక్టీసు మొదలైంది. మైదానం పక్కన మడత కుర్చీ, నెత్తిన గడ్డి టోపీ, మూతికి మాస్కు, ఒక చేతిలో గడియారం, ఒక చేతిలో హారన్. ఏ గుంపు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్ళిందో కాగితం మీద రాసి కింద సంతకం పెట్టేది. సామాను గది గుమ్మం కూడా ఆ కుర్చీలోంచి కనపడుతుంది కాబట్టి అక్కడి రాకపోకలూ ఆమెనే రాయమన్నారు.

మూడో రోజున నా ఆఫీసుకి వచ్చింది. నేను పత్తి పంటకి బీమాలు రాస్తుంటాను. కూర్చోమన్నా కూర్చోలేదు. హారన్ మోగాక పిల్లలు దూరంగా వెళ్ళడం లేదు, పక్క గుంపులో దూరుతున్నారు అని చెప్పింది. పొద్దున ఒకడితో ఊపిరి కలిపినవాడు మధ్యాహ్నానికి నలభై మందితో కలుపుతున్నాడు. "నేను వాళ్ళని విడదీయట్లేదు వెర్న్. పేకముక్కల్లా కలుపుతున్నాను." నువ్వు టైము చూడు చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారులే అన్నాను నేను. తెలివైనవాణ్ణనుకుని అన్న మాట అది.

అక్కడినుంచి ఆమె సూపరింటెండెంట్ ప్రూయిట్ దగ్గరికి వెళ్ళింది. మా ఊరి బడులన్నిటికీ అతనే పెద్ద. మీ కాగితాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుని పంపించేశాడు. ఇక చేసేది లేక తమ్ముణ్ణి ఇంట్లో ఉండమంది. లీలండ్ వినలేదు. నీ హారన్ ఉందిగా అక్కా, నాకేం భయం అన్నాడు. ఆ మాట ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ కొత్తగా కోపమొచ్చేది ఆమెకి, అతని మీద కాదు.

పన్నెండో తేదీన డెబ్బై ఒకటో నంబరు కుర్రాడు టక్కర్ వీమ్స్‌కి రోగం ఉందని తేలింది. కాస్త మొద్దు, కానీ మంచి పిల్లాడు, వాడి తప్పు రవ్వంత లేదు. ఎవరెవరిని ఇంటికి పంపాలో జాబితా రాయడానికి నర్సు వచ్చింది. ప్రూయిట్ ఓపల్ కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. ఎక్కడా పదిహేను లేదు. జాబితాలో ఒక్క పేరు కూడా ఎక్కలేదు.

సామాను గది కాగితం మీద ఇలా ఉంది: టక్కర్ హెల్మెట్ బిగుతుగా ఉందని సోమవారం పొద్దున వెళ్ళాడు, పద్నాలుగు నిమిషాలు. హారన్ మోగితే బయటికొచ్చి నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ పద్నాలుగు. ముప్పై ఏళ్ళు తూకాలు కలిపిన మనిషికి ఆ కూడిక ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ టక్కర్ సంగతి ఆమెకి చెప్పలేదు, లీలండ్‌కీ చెప్పలేదు. పిల్లాడి ఆరోగ్యం సొంత విషయమట, బయటపెట్టకూడదట. ఇంకో నాలుగు రోజులు లీలండ్ ఆ గదిలోనే బట్టలు ఉతికాడు. ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ మొదటి రోజునే మంచం మీద పడుకునేవాడు, డాక్టరు దగ్గరికైనా వెళ్ళేవాడు. ఆ ఒక్క ఫోను చేయడానికి అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కడికి చెయ్యి రాలేదు.

అయిదో రోజున జ్వరం. ఆ వారం తిరిగేసరికి లబ్బాక్ ఆసుపత్రిలో గొట్టాలు పెట్టారు. ఓపల్‌ని లోపలికి రానివ్వలేదు, ఎవరినీ రానివ్వని రోజులవి. ఆగస్టు ఇరవై తొమ్మిదిన ఆమె కారులో కూర్చుని ఉండగా ఫోన్లోనే చెప్పారు. పాతిపెట్టిన రోజు పదిమందిమి ఉన్నాం. ప్రూయిట్ పూలు పంపించాడు.

సెప్టెంబరు నాలుగున మా మైదానంలో మొదటి ఆట. సగం మందినే రానివ్వాలని బెంచీలకి పసుపు పట్టీలు అంటించారు, జనం వాటిని పీకేసి భుజం భుజం రాసుకుని కూర్చున్నారు. ఓపల్ వస్తుందని ఎవరూ అనుకోలేదు. మూడింటికే వచ్చింది. తాళం తీసింది, బోర్డు సరిచూసుకుంది. ఆటకి ముందు చదవమని ప్రూయిట్ నాకు కాగితం పంపాడు. మన ప్రియమైన లీలండ్ యాన్సీ జ్ఞాపకార్థం ఒక్క నిమిషం మౌనం. చదివాను. జనం లేచి టోపీలు తీశారు.

బోర్డు మీద 15:00 అని పడింది. అంకెలు దిగడం మొదలైంది.

ఒక నిమిషం అయ్యాక కొందరు కూర్చోబోయి, పక్కవాళ్ళని చూసి మళ్ళీ నిలబడ్డారు. మూడో నిమిషానికి గొణుగుడు. నాలుగో నిమిషానికి ప్రూయిట్ మెట్లెక్కి మా గదిలోకి వచ్చాడు, మాస్కు గడ్డం కిందకి జారి ఉంది. బోర్డు చెడిపోయిందా అని అడిగాడు. లేదంది. అయితే ఆపమన్నాడు. ఆపనంది. అతను నా వైపు తిరిగి, గడియారం పాడైంది, ఆట మొదలవుతుంది అని చెప్పమన్నాడు.

నేను మైకు నొక్కాను. "గడియారం సరిగ్గానే నడుస్తోంది," అన్నాను.

అరుపులు లేచాయి. ఎవడో ఐసు ముక్కలున్న గ్లాసు విసిరాడు, అది కిటికీకి తగిలింది. కింద రిఫరీ మా గది వైపు ఒకసారి చూసి, తెల్ల టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని కదలకుండా నిలబడ్డాడు. అతను కదలకపోతే ఆట కదలదు. రోగం తగ్గి ఆ వారమే తిరిగొచ్చిన టక్కర్ వీమ్స్ హెల్మెట్ తీసి లోపలి మెత్తల్ని వేలితో తడుముతూ ఉండిపోయాడు. వాడికి ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో నాకు తెలియదు.

బోర్డు 1:00కి వచ్చింది. ప్రూయిట్ గొంతు తగ్గించాడు. "పద్నాలుగు నిమిషాలైందమ్మా. మీ బాధ అందరికీ అర్థమైంది. ఇక చాలు."

"ఇంకో నిమిషముంది," అంది ఓపల్. "కాగితంలో కనపడకుండా మీరు మింగేసింది ఈ నిమిషాన్నే. దీన్ని నాకిచ్చి కదలండి."

సున్నా పడింది. ఆమె హారన్ నొక్కింది, చాలాసేపు నొక్కింది. తర్వాత కోటు జేబులోంచి ప్రాక్టీసు కాగితం ఒకటి తీసి నింపింది. గుంపు అన్నచోట అందరూ అని రాసింది. వచ్చింది ఏడూ ఇరవై అయిదు, వెళ్ళింది ఏడూ నలభై. కింద సంతకం పెట్టి అతని చేతిలో పెట్టింది.

"ఆరడుగుల లోపల పదిహేను నిమిషాలు, ఈ మైదానంలో ఉన్న ప్రతి మనిషీ," అంది. "నేను సంతకం పెట్టిన టైముని ఎవరూ తప్పు పట్టలేరన్నారుగా. పంపండి ఇళ్ళకి."

ప్రూయిట్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. గడియారం దగ్గర వేరే ఎవరినో కూర్చోబెట్టారు. ఆట జరిగింది, మేము గెలిచాం, ఆ సంగతి మైకులో చెప్పింది నేనే.

సోమవారం పొద్దున స్కూలు పక్కనుంచి కారులో వెళుతుంటే ప్రాక్టీసు జరుగుతోంది. హారన్ మోగింది, గుంపులు మారాయి. నేను గడియారం చూసుకుని కారు పక్కకి ఆపి కూర్చున్నాను. పద్నాలుగు నిమిషాలకి మళ్ళీ మోగింది.