ఉత్తుత్తి శోకం

మా ఆయన బీడీ ముట్టిచ్చిండంటె చాలు, నేను గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని శోకం ఎత్తుకునేదాన్ని. "నీ బీడీ కట్టను ఎవరి చేతుల పెట్టి పోతివయ్యో! నీ దగ్గు లేక మన వాడ కోళ్లు ఎట్ల లేస్తయయ్యో! దుకాణపాయన కడుపు కొట్టి పోతివి గదయ్యో!" సచ్చినోళ్ల ఇంట్ల ఆడోళ్లు రాగం తీసినట్టే తీసేదాన్ని. మా పుట్టిల్లు కోదాడ దిక్కు. సావుల కాడ మా నాయనమ్మ ఏడిస్తె ఊరు ఊరంత ఏడ్చేది. ఆ రాగం నాకొచ్చింది.

టీవీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మిర్యాలగూడల రైసుమిల్లు పక్క వాడల ఉండేటోళ్లం. ఆయన మిల్లుల హమాలి. బస్తా ఎత్తితె బీడీ, దించితె బీడీ. బతిమిలాడిన, అలిగిన, పిల్లల మీద ఒట్టు పెట్టిచ్చుకున్న. ఏం లాభం లేదు. ఒకనాడు కడుపు మండి, "నువ్వెట్లైన పోతవ్, ఉన్నప్పుడే ఏడుస్త, చెవులార విను" అని మొదలువెట్టిన. ఎవరో పోయిన్రని పక్కింటామె ఉరికొచ్చింది. సంగతి తెలిసినంక ఆమె గూడ నా పక్కన కూసుండి వంత పాడింది. ఇగ సూడు, రోజూ అదే ఆట! ఆయన అగ్గిపుల్ల గీసిండో లేదో నలుగురు ఆడోళ్లు జమయ్యేటోళ్లు. ఆయన గూడ నవ్వి నవ్వి, నవ్వుల దగ్గొచ్చి, బీడీ ఇసిరికొట్టి లోపలికి పోయేటోడు.

మా అత్త మాత్రం నవ్వకపోయేది. "బతికున్న మనిషికి శోకమేందే? నోట్లకెల్లి వచ్చిన మాట ఊకె పోదు" అనేది. "నీ కొడుకు బీడీ కంటె నా నోరే చెడ్డదా అత్తా?" అని ఎదురు తిరిగేదాన్ని. నా నోటికి తాళం ఎప్పుడున్నది గనుక.

ఆయన మానిండు. నిజంగనే మానిండు. ఒకనాడు పనికెల్లి వచ్చి జేబుల కట్ట తీసి పొయ్యిల ఏసిండు. మళ్ల ముట్టలే. ఉత్తుత్తి ఏడుపు ఏడ్చి మొగునితోటి బీడీ మాన్పిచ్చిందని వాడంత నా గురించే చెప్పుకున్నరు. నేను గూడ తల ఎగరేసుకొని తిరిగిన.

కాని దగ్గు మానలే. సూర్యాపేట దవాఖానల ఎక్స్‌రే తీసినంక డాక్టరు ఆయనను బయట కూసోవెట్టి, నన్నొక్కదాన్నే లోపలికి పిలిచిండు. శాన లేటు చేసిన్రమ్మా అన్నడు. ఆ ఎండాకాలం దాటలే ఆయన.

వాకిట్ల పండవెట్టిన్రు. ఆడోళ్లంత నా దిక్కే సూస్తున్నరు, నేను ఎత్తుకుంటె వాళ్లు అందుకుందామని. నోరు తెరిచిన. నాలిక మీదికి ఏమొచ్చిందనుకున్నరు? "నీ దగ్గు లేక కోళ్లు ఎట్ల లేస్తయయ్యో." అదే రాగం, అవే మాటలు. పక్కింటామెకు గూడ అవే యాదికొచ్చినట్టున్నయ్, తల దించుకున్నది. టక్కున నోరు మూసుకున్న. అత్త నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు. నా నోరే తగిలిందేమోనన్న భయం ఆ పొద్దే నా లోపల జొరబడ్డది. పండనియ్యదు, తిననియ్యదు.

పిట్టకు పెట్టిన నాడు అన్నం, కోడికూర, కల్లు ఇస్తరాకుల పెట్టి దూరం జరిగినం. సచ్చిన మనిషి కాకై వచ్చి ముడితెనే ఇంటోళ్లు తినాలె. కాకి గోడ మీద కూసున్నది గని దిగదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు. "ఓ బీడీ పెట్టున్రి. వాని మనసు దాని మీదనే ఉన్నది" అన్నది అత్త.

ఆయనతోటి బస్తాలు మోసిన దోస్తు అడ్డమొచ్చిండు. "వద్దు పెద్దమ్మా, వాడు మానిండు" అన్నడు. మళ్ల నా దిక్కు తిరిగిండు. "నేను కాలుస్తుంటె పక్కకొచ్చి కూసుండి ఊకె పొగ వాసన పీల్చేటోడు వదినా. ఒక్క దమ్ము కొట్టురా అంటె వద్దనేటోడు. 'అది ఉత్తుత్తిగ ఏడిస్తెనే గుండె జల్లుమంటది, నిజంగ ఏడిస్తె ఎట్ల వినాల్రా' అనేటోడు."

నవ్విండనుకున్న గద! రోజూ నవ్విండనే అనుకున్న.

కాకి ఎప్పుడు దిగిందో, ఏం ముట్టిందో నేను సూడలే. ఇన్నేండ్లయింది, ఆయనకోసం ఒక్కపారన్న నోరిడిసి ఏడ్వలే. వినలేనన్నడు గద.