పెదవులు కలిసేచోట

సుందర్ రాజు ఎదుటిమనిషి కళ్ళలోకి చూసి మాట్లాడి ఏళ్ళయింది. చూపంతా మూతిమీదే. తమిళ సినిమాలకు తెలుగు డబ్బింగు మాటలు రాసి బతికే మనిషికి అంతకంటే గతేముంది! తెరమీద పెదవులు ఎక్కడ కలిస్తే అక్కడ ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి. తమిళమైనా, హిందీ అయినా, ఇంగ్లీషైనా పెదవులు కలవందే ఆ అక్షరాలు పలకవు. మిగతావన్నీ నోటి లోపలి వ్యవహారం, చూసేవాడికి పట్టవు. పరువు తీసేవి ఈ మూడే.

ఆయన్ని కాల్చుకుతిన్నది మాత్రం ఒక్కటే మాట. తమిళ పిల్లలు తండ్రిని "అప్పా" అంటారు, పెదవులు కలుస్తాయి. మన "నాన్నా"కి నాలుక పళ్ళ వెనక తగులుతుందే తప్ప పెదవులు కలవవు. అందుకని దగ్గరి షాటు వచ్చినప్పుడల్లా నాన్నను కొట్టేసి "పప్పా" అని రాయడం, ఆ చిరాకంతా ఇంటికెళ్ళి పెళ్ళాంబిడ్డలమీద చూపించడం.

ఈసారి మొండికేశాడు. సినిమాలో తండ్రి శవం దగ్గర కూతురు పిలిచే ఒకే ఒక్క పిలుపు అది. ఆ పాత్రకు గొంతు ఇస్తున్నది తన కూతురు కరుణాకుమారి. ఆమెకిదే మొదటి పెద్ద పాత్ర. ఫిల్మ్‌నగర్ స్టూడియోలో రికార్డింగు చూసే భిక్షం టేకు మీద టేకు ఆపేస్తున్నాడు.

"రాజన్నా, మూతి కలుస్తలేదు. పప్పా అని రాయి, అయిపోతది."

"పల్లెటూరి పిల్ల పప్పా అంటుందేంటయ్యా? సిగ్గుండాలి!"

"గట్లయితే వేరే గొంతును పిలుస్త. నాకు టైం లేదు."

సుందర్ రాజుకు ఒళ్ళు మండింది. తన పంతానికి పిల్ల అవకాశం పోయేలా ఉంది. విసురుగా కాగితం లాక్కుని "నాన్నా" కొట్టేయబోయాడు.

"ఒక్క టేకు, భిక్షమన్నా" అంది కరుణ అద్దం వెనకనుంచి.

తెరమీద పెదవులు మూతపడ్డాయి. కరుణ అక్కడ మాటేమీ అనలేదు. తనూ పెదవులు బిగించి "మ్" అని ఏడుపు దిగమింగింది. తెరమీద నోరు తెరుచుకోగానే "నాన్నా" అంది.

"ఓకే! కిర్రాక్ చెప్పినవు తల్లీ" అని అరిచాడు భిక్షం.

సుందర్ రాజుకు సంతోషం కంటే ముందు కడుపుమంట పుట్టుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఎన్ని సినిమాల్లో నాన్నను చేజేతులా కొట్టేశాడు! బండిమీద షేక్‌పేట ఇంటికి వెళ్తూ, వెనక కూర్చున్న కూతుర్ని ఉండబట్టలేక అడిగాడు.

"అలా ఏడవాలని ఎవరు చెప్పారే నీకు?"

"ఒకరు చెప్పాలా? చిన్నప్పుడు నువ్వు కసిరినప్పుడల్లా నీకు వినపడకూడదని మూతి బిగబట్టుకుని అలాగే ఏడ్చేదాన్నిగా. తర్వాతే నాన్నా అని పిలిచేదాన్ని."

సుందర్ రాజు బండి పక్కకు ఆపాడు. వెనక్కి తిరిగి కూతురి కళ్ళలోకి చూడటానికి ధైర్యం చాలలేదు.