పళ్లతో విన్న గడియారం

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఒక చేతిగడియారం. నిజానికి దానికి బరువే లేదు. మూడు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంతో, అంతే మందం. కట్టుకుంటే చొక్కా చేతి కింద ఉన్నట్టే తెలియదు. నాకు మాత్రం తెలుస్తూనే ఉంది. అన్నం తింటున్నప్పుడు, బ్యాంకులో సంతకాలు పెడుతున్నప్పుడు, అక్క ముఖం చూసినప్పుడు మరీను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గడియారం మా బావది, అంటే అక్క భర్తది. సూరత్‌లో గోడాదరా అనే పేటలో ఉండేవాళ్లు. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచిందీ చదివించిందీ వాళ్లిద్దరే. నాకు అదే ఊళ్లో బ్యాంకు ఉద్యోగం వచ్చిందంటే అది బావ సాంచాల మోతలో నిలబడ్డ పుణ్యమే. మరమగ్గాలను అక్కడ పనిచేసే మా తెలంగాణ వాళ్లు సాంచాలంటారు. ఆ మోత బావ చెవులను కొద్దికొద్దిగా తినేసింది. పక్కనే కుక్కరు కూత వేసినా తల తిప్పేవాడు కాదు.

అంత పల్చటి గడియారం ఒక మగ్గాల మనిషి దగ్గరికి ఎట్లా వచ్చిందంటారా? ఒక సేటు విసుగుపుట్టి బక్షీసుగా ఇచ్చేశాడు. విసుగు పుట్టక ఏం చేస్తుంది? రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. ఒక్కరోజు మరిచిపోతే ఆగి కూర్చుంటుంది. గట్టిగా తిప్పితే ఎక్కడ తెగుతుందోనని భయం. నీటిచుక్క తగలకూడదు. అద్దం మీద వేలు నొక్కితే లోపల ముల్లుకు తగులుతుంది. సాంచాల అదురుకు అసలే తాళదు. అందుకని కార్ఖానాకు పోయేటప్పుడు బావ దాన్ని దూదిలో చుట్టి ఇంట్లో పెట్టి పోయేవాడు. గడియారం మనిషికి పనిచేయాలి గానీ మనిషి గడియారానికి చాకిరీ చేయడమేమిటని నేను ఎగతాళి చేసేవాణ్ని. లోపల మాత్రం దానిమీద నాకు చచ్చేంత మోజు.

బావకు అందులో నచ్చింది వేరు. పొద్దున కీ ఇచ్చాక దాన్ని పళ్ల మధ్య మెల్లగా పట్టుకొని కళ్లు మూసుకొనేవాడు. లావు గడియారమైతే అట్లా పట్టుకోలేడు. చెవికి అందని చప్పుడు పళ్లకు అందేది. అది వినడమో, ఎముకకు అదురు తెలియడమో నాకు తెలియదు. ఆయన మాత్రం ఇనవడుతున్నది అనేవాడు. చిటచిటమని ఆగకుండా కొట్టుకుంటుందట. చెవులు ఇంకా పూర్తిగా పోలేదని రోజూ అట్లా ధైర్యం తెచ్చుకొనేవాడు. ఆ ధైర్యంతోనే మనుషుల మాటలు వినేవాడు. సాయంత్రాలు అక్క ఆయన చెవి దగ్గర నోరు పెట్టి ఊసులు చెప్పేది. సగం చెవితో, సగం ఆమె పెదాలు చూసి పట్టుకొనేవాడు. అందకపోతే మళ్లీ అడిగేవాడు, మళ్లీ చెప్పించుకొనేవాడు. వినడం ఆయనకు ఒక కష్టమైన పని. ఆ పని ఇష్టంగా చేసేవాడు.

కరోనా మొదటి ఏడాది సాంచాలు ఆగిపోయాయి. మా వాళ్లు చాలామంది ఊళ్లకు పోయారు. బావా అక్కా పోలేదు. బ్యాంకు మాత్రం నడిచేది. ఒకరోజు వాళ్లింటికి పోయినప్పుడు ఆ గడియారం కొన్నాళ్లు కట్టుకుంటానని అడిగాను. ఎందుకు అడిగాను? మా కొత్త మేనేజరు చేతికి డబ్బా అంత గడియారం ఉండేది. ఆయన ముందు చొక్కా చేయి సవరించుకుంటూ ఇది బయటపెట్టాలని. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉండి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. లేదు. బావ వెంటనే దూదితో సహా తెచ్చి ఇచ్చాడు.

బ్యాంకులో నోట్లు ముట్టుకున్న ప్రతిసారీ చేతులకు శానిటైజరు పోసుకొనేవాళ్లం. నేను భయంకొద్దీ గడియారానికి కూడా పూసేవాణ్ని. పూసి, అద్దాన్ని బొటనవేలితో రుద్ది తుడిచేవాణ్ని. కొన్నాళ్లకు ఆగిపోయింది. స్టేషను దగ్గర సందులో గడియారాలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకుపోయాను. మూత తీసి చూసి, దీని సామాను ఎక్కడా దొరకదన్నాడు. మిషన్ తీసేసి బ్యాటరీది పెడతాను, ఎవరికీ తేడా తెలియదన్నాడు. నిజమే. దానికి సెకన్ల ముల్లు లేదు. కంటికి పట్టుబడే అవకాశమే లేదు. పెట్టెయ్యమన్నాను. పాత మిషన్ వెనక్కి అడగాలని కూడా నాకు తోచలేదు. బ్యాటరీది పాతదానిలా చిటచిటమని కొట్టుకోదు, ఆగాగి ఒక్కో దెబ్బ కొడుతుంది. పళ్ల సంగతి మరిచిపోయానా? మరిచిపోయాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను.

తిరిగి ఇచ్చిన రోజు బావ మురిసిపోయాడు. మెల్లగా కీ తిప్పాడు, మెత్తగా తిరుగుతున్నదని సంతోషించాడు. పళ్ల మధ్య పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

“ఏందిరా బామ్మర్ది, ఇది ఆగాగి కొడ్తున్నది?”

నాకు మాస్కు ఉంది. ఆయన నా నోటికోసం చూస్తున్నాడు. అబద్ధం చెప్పడానికి నేనే మాస్కు కిందికి లాగాను.

“నూనె పెట్టిచ్చిన బావా. మంచిగనే నడుస్తున్నది.”

“మరి నడుమ నడుమ ఒక్కటే ఇనవడుతున్నది గదరా. మిగిలినయి ఏడ వోయినయి?”

“గడియారం మంచిగనే ఉంది. నీ చెవులే ఇంక తగ్గినట్టున్నయి.”

నా పెదాలనే చూస్తున్నాడు. కోపం లేదు, అనుమానం లేదు. పెంచిన పిల్లగాడు చెప్తే అనుమానం ఎందుకుంటుంది?

“గంతేనంటవా,” అన్నాడు. “కరోనాల మందికి వాసన పోతున్నదట గద. నాకు గిది పోయినట్టున్నది.”

నవ్వడానికి చూశాడు. నేనూ నవ్వాను.

ఆ రోజునుంచి బావ వినే పని మానేశాడు. అసలే మాస్కులు వచ్చి అందరి నోళ్లూ మూసేశాయి. ఇంట్లో మిగిలిన ఒక్క నోరు అక్కది. ఆమె చెవి దగ్గరికి వస్తే, గొంతు నొప్పి పెట్టుకోకు, ఇగ నాకు ఇనవడదు అని చేత్తో ఆపేవాడు. మళ్లీ చెప్పమని అడగడం మానేశాడు. ఊరికే తల ఊపేవాడు. కొన్నాళ్లకు అక్క కూడా మానుకుంది. సైగలతో అన్నం, నీళ్లు, మందులు. సాంచాలు మళ్లీ మొదలైనా పనికి పోలేదు. గడియారానికి మాత్రం రోజూ కీ ఇచ్చేవాడు. పళ్ల దగ్గరికి తీసుకుపోయేవాడు కాదు. నేను వారం వారం పోయేవాణ్ని. పండ్లూ కూరగాయలూ తీసుకుపోయేవాణ్ని. చూస్తూ కూర్చొని తిరిగి వచ్చేవాణ్ని. ఒక్క మాట చెప్తే చాలు కదా! ఆ మాట చెప్తే నేను వాళ్ల కళ్లలో ఏమైపోతానోనని, వచ్చేవారం చెప్దామనుకుంటూ వచ్చాను.

మరుసటి ఏడాది జబ్బు రెండోసారి విరుచుకుపడ్డప్పుడు బావను ఆస్పత్రిలో చేర్చాం. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. నేనూ అక్కా బయట చెట్టు కింద కూర్చున్నాం. మధ్యాహ్నం లోపలినుంచి ఒక నర్సమ్మ నా ఫోనుకు చేసింది. పరిస్థితి బాగాలేదు, ఫోను ఆయన చెవి దగ్గర పెడతాను, ఇంట్లోవాళ్లు మాట్లాడండి అంది. ఎంత మంచి మనిషో. ఫోను అక్కకిచ్చాను. అక్క రెండు చేతులతో పట్టుకుంది. నోటిదాకా తెచ్చింది. తర్వాత, ఆయనకు ఏమీ వినపడదమ్మా, వద్దులే అని హిందీలో చెప్పి, ఫోను నా చేతిలో పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది.

మాట్లాడక్కా, బావకు వినపడుతుంది. ఈ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? నీకెట్లా తెలుసని అక్క అడుగుతుంది. అడిగితే చెప్పాలి. ఆ క్షణంలో కూడా నేను ఆలోచించింది నా గురించే. సరేనని చెప్పి ఫోను పెట్టేశాను. సాయంత్రానికి బావ పోయాడు. గడియారం పాడుచేయడం పొరపాటు. అబద్ధం చెప్పడం పిరికితనం. ఇది మాత్రం ఏమిటో, దీనికి ఏ పేరు పెట్టాలో నాకిప్పటికీ తెలియదు.

బావ పోయాక గడియారానికి ఎవరూ కీ ఇవ్వలేదు. అయినా నడిచింది. బ్యాటరీది కదా, నడవక ఏమవుతుంది? ఒకరోజు అక్క నన్ను చెయ్యిపట్టి లాక్కుపోయి బావ ఫోటో ముందున్న గడియారం చూపించింది. “కీ ఇయ్యకున్నా నడుస్తున్నది తమ్మీ. మీ బావనే తిప్పుతున్నడు,” అంది. బావ పోయాక ఆమె ముఖంలో మొదటిసారి వెలుగు చూశాను. నేను ఊ కొట్టాను. రోజూ దానికి దీపం పెట్టింది. ఇన్నేళ్లూ దానితోనే మాట్లాడుకుంది.

మొన్న అది ఆగిపోయింది. బావ ఆ రోజే పోయినట్టు అక్క ఏడ్చింది. బాగుచేయించుకు రమ్మని నాకిచ్చింది. ఇప్పుడు నా ముందు బల్లమీద ఉంది. చిన్న బ్యాటరీ వేస్తే అక్కకు బావ తిరిగి వస్తాడు. నిజం చెప్తే ఉన్న ఆ కాస్త ఓదార్పూ పోతుంది, పైగా ఆ రోజు ఫోనులో మాట్లాడి ఉండాల్సిందనే కొత్త దుఃఖం మొదలవుతుంది. చెప్పడం అక్కకోసమా, నా బరువు దించుకోవడానికా? దాచడం అక్కకోసమా, నన్ను కాపాడుకోవడానికా? ఎటు తిప్పి చూసినా మధ్యలో నేనే కనిపిస్తున్నాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ హక్కు మీకు లేదు, నాకూ లేదు. అక్క ముందు నోరు పెగులుతుందో లేదో చెప్పలేను. కానీ ఆమెకు చెప్పాల్సిన మాటను ఇంతవరకు నాలో నేను కూడా పూర్తిగా అనుకోలేదు. ఇక్కడ మొదటిసారి మొత్తం రాస్తున్నాను.

బావకు వినపడేది అక్కా. ఆ రోజు నువ్వు మాట్లాడి ఉంటే, వినేవాడు.