దసమంతపూర్ రేకుల ఇంట్లో డిసెంబరు వాన

"చలికాలం వచ్చేలోపల లోకప్పు వేయించే పూచీ నాది బావా. అందులో ఉండబోయేది నా చెల్లెలే కదా." మా ఆవిడ అన్నగారు అప్పట్లో కొరాపుట్ జిల్లాలో ఓవర్సీరు. దసమంతపూర్‌లో మాకిచ్చిన కొత్త ఇంటి ముందు నిలబడి ఆయన ఈ మాట ఇచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. నేను అక్కడి బడిలో సైన్సు మాస్టారిని. ఇల్లంటే ధాన్యం గోడౌను ఆకారంలో పొడుగ్గా నిలబెట్టిన ఇనపరేకుల కొట్టం. గోడలూ రేకే, కప్పూ రేకే. మధ్యలో అడ్డం కట్టి రెండు కాపురాలకు పంచారు. కప్పుకీ గోడకీ మధ్య చుట్టూ జానెడు ఖాళీ. మే నెల మధ్యాహ్నం లోపల మనిషి ఉడికిపోయేవాడు, డిసెంబరులో బయటికంటే లోపలే చలి. రేకు కింద వెదురు తడకలు కట్టి, వాటి మీద గడ్డి పరిచి మట్టి మెత్తితే ఎండా దిగదు, గదిలోని వెచ్చదనమూ పైకి పోదు. లోకప్పు అంటే అంతే.

అది రాలేదు. దాని బదులు బావగారు ఒక మేస్త్రీని పంపి ఆ జానెడు ఖాళీని సిమెంటుతో పూడ్పించాడు. మేమంతా కోస్తా నుంచి ఎక్కినవాళ్ళం. చలిగాలంటే మాకు దెయ్యం కంటే భయం. గాలి ఆగింది కదా అని ఇరుగుపొరుగు వాళ్ళు ఆయనకు బంతిపూల దండ వేశారు. వారం తిరక్కుండా ఇంట్లో వాన మొదలైంది. మా ఊపిరి, అన్నం ఆవిరి, ఆరేసిన బట్టల తడి, బయటికి పోయే దారిలేక చల్లటి రేకుకి అంటుకుని తెల్లవారేసరికి చుక్కలుగా పక్కల మీద పడేవి. రోజంతా కుంపటి రాజేసినా వేడి రేకులోంచే పోయేది, బొగ్గు మాత్రం తరిగేది. రెండో చలికాలానికి మా ఆవిడ కరుణకు ఉబ్బసం పట్టుకుంది. కొండ దిగిపొమ్మన్నాడు డాక్టరు. ఐదేళ్ళ పిల్లని తీసుకుని ఆమె బొబ్బిలిలో పిన్ని ఇంటికి వెళ్ళింది. నాకు బదిలీ దొరకలేదు. పదకొండేళ్ళు మేం సెలవుల్లో మాత్రమే మొగుడూ పెళ్ళాలం.

ఇప్పుడీ ప్రయాణం ఎందుకంటే, ఆ పిల్లే పెద్దదై, నర్సై, పెళ్ళి చేసుకుని, దసమంతపూర్‌లోనే ఉద్యోగంలో చేరింది. అల్లుడు ప్రసాదుది అక్కడే బ్లాకాఫీసులో గుమాస్తా పని. వాళ్ళకు ఇచ్చిన క్వార్టరు ఆ రేకుల ఇల్లే. మూడు నెలల మనవరాలికి దగ్గు వదలడంలేదని తెలిసిన రోజు కరుణ నా చేతికి ఉన్ని శాలువా ఇచ్చి, "ఇందులో సుట్టి పిల్లనీ, తల్లినీ తెచ్చీయండి. ఆడి ఉద్యోగం ఆడు సేసుకుంటాడు" అంది. మా కాపురం ఎలా విడిపోయిందో ఆ మాట కూడా అలాగే ఉంది. నేను సంచి సర్దుకున్నాను.

ఇప్పుడు మేముంటున్న విజయనగరంలో తెల్లవారుజామున రాయగడ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. సీటు కోసం పెద్దగా కొట్టుకోనక్కర్లేదు, పార్వతీపురంలో సగం పెట్టె దిగిపోతుంది. అక్కడినుంచి కొండలు దగ్గరికి జరుగుతాయి. పత్రికల్లో యాత్రలు రాసే పెద్దమనుషులు ఈ దారిలో జలపాతాలు చూశామని పేజీలకు పేజీలు నింపారు. వాళ్ళలో ఒక్కడైనా ఇక్కడ మనుషులు ఏ కప్పు కింద పడుకుంటారో రాయలేదు. కిటికీలోంచి చూడండి. గోడలు మూరెడు మందం మట్టి, గడ్డికప్పు నడుమెత్తు దాకా దిగి ఉంటుంది. లోపల అటక, అటక మీద ధాన్యం. ఆ ఇంట్లోకి ఎండా రాదు, చలీ రాదు. మేం ఆ ఇళ్ళను చూసి నవ్వి రేకుల్లో కాపురం పెట్టాం.

పదిన్నరకు రాయగడలో దిగాను. స్టేషను బయట వడల మీద వేడి బఠాణీ కూర పోసి ఆకులో ఇస్తారు. రూపాయిన్నరకు కడుపు నిండుతుంది. బస్టాండుకి రిక్షా ఇంకో రెండు రూపాయలు. తెరుబలి ఫ్యాక్టరీ వైపు పోయే బస్సులు గంటకొకటి ఉంటాయి, జనమంతా వాటికే ఎగబడతారు. కొరాపుట్ వెళ్ళే బస్సు మాత్రం పదకొండున్నర దాటితే మళ్ళీ మూడింటికే. లక్ష్మీపూర్ వరకు కండక్టరు ఎనిమిది రూపాయలు తీసుకున్నాడు. డ్రైవరుది సాలూరు వైపు, తన వెనక సీట్లోనే ఉన్న నన్ను చూసి పలకరించాడు.

"ఏటి మాస్టారూ, ముసిలోళ్ళు సలికి కొండ దిగుతారు గానీ ఎక్కుతారేటి?"

"దసమంతపూరులో మనవరాలుంది. రేకుల క్వార్టర్లలో."

"ఆటిల్లోనా? మా యావిడైతే అందులో కోడిని కూడా ముయ్యదు."

"కోడికి కావలసింది నీ ఆవిడ ఆలోచిస్తుంది. గుమాస్తాకి కావలసింది ఇంజనీరు ఆలోచిస్తాడు. తేడా అక్కడే ఉంది."

"ఆలోసించేడు కాబట్టే ఆడు డాబాలో తొంగున్నాడు" అన్నాడు గేరు మారుస్తూ. ఇరవై ఏళ్ళుగా నా మనసులో ఉన్న వాక్యం ఇంత సులువుగా ఎవరూ అనలేదు. అతనికి సాలూరులో సొంత ఇల్లుందా అని అడిగాను. పెంకుటిల్లట.

ఘాట్ ఎక్కుతుంటే గుగ్గిలం చెట్ల మధ్య వలిసె చేలు పసుపు పచ్చగా విచ్చుకుని ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో మొదటిసారి నేనూ కరుణా ఈ దారిన ఉప్పు లారీ మీద కూర్చుని వచ్చాం. ఆమె దారంతా కీర్తనలు పాడింది. మలుపు వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని, మలుపు దాటాక వదిలేసేది. లారీ డ్రైవరు ఇంకో మలుపు తిప్పితే బాగుండుననుకునేవాణ్ణి. కరుణకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఎంత పరుగెత్తినా ఆయాసం రాని మనిషి.

లక్ష్మీపూర్‌లో దిగేసరికి రెండైంది. అక్కడినుంచి దసమంతపూర్‌కి జీపు, మనిషికి నాలుగు రూపాయలు. పదిమంది నిండేదాకా కదలదు. హోటలు నడిపే సన్నాసమ్మ అన్నం, పప్పు, ఎండుచేపల పులుసు పెట్టింది. "పలసగా ఉందని తిట్టకండి బావూ, సలికి సింతపండే సిక్కబడతంది గానీ పులుసు సిక్కబడదు" అంది. తిట్టలేదు, రెండోసారి పోయించుకున్నాను.

నాలుగున్నరకు ఇంటి ముందు దిగాను. అదే కొట్టం, వెండిరంగు వేసి ముఖం మార్చారు. కప్పు మీద నల్లటి తారు మచ్చలు. లోపల నా కూతురు విమల పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూల ట్రంకు పెట్టె సర్ది ఉంది. తల్లి మాట నాకంటే ముందే చేరినట్టుంది.

"కప్పు కారతంది నాన్నా. మూడుసార్లు తారు పూయించేం. ఎక్కడ సిల్లు ఉందో తెలడంనేదు" అంది.

"వాన ఎప్పుడు పడింది?"

"దీపావళికి."

"అయితే నెలన్నరగా ఏ మేఘం కారుతోంది?"

అల్లుడు తల గోక్కున్నాడు. కప్పులో చిల్లు లేదనీ, గోడ పైన సిమెంటు పూడ్చిన చోట చిల్లు లేకపోవడమే జబ్బనీ చెప్పాను. అది పగలగొట్టి, కింద తడకల కప్పు కట్టాలన్నాను.

"గాలి కొడతది మావయ్యా, పిల్ల బిగిసిపోతది. అయినా సర్కారు ఇల్లు. ఎవరు పగలగొట్టేరంటే ఏటి సెప్పను?"

"కట్టించినాయన చెల్లెలి మొగుడు పగలగొట్టేడని చెప్పు. గాలి తడకకీ రేకుకీ మధ్యన తిరుగుతుంది, తడిని పట్టుకుపోతుంది. పిల్ల తడక కింద ఉంటుంది."

"నాన్నా, నీ సైన్సు పాఠం నాకు సిన్నప్పట్నించీ తెలుసు" అంది విమల. "దగ్గు తగ్గకపోతే నేను దిగిపోతాను. అప్పుడు నన్ను ఆపకు."

"ఆపను. వారం ఆగు."

ప్రసాదు ఆ రాత్రి అన్నానికి ట్రంకు పెట్టెకి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. అతని వయసులో నేనూ అలాగే కూర్చున్నాను.

మర్నాడు సంత. కొండవాళ్ళు తడకలు తెచ్చి అమ్ముతారు. తొమ్మిది లోపల వెళ్తే ముదురు వెదురువి దొరుకుతాయి. నెత్తిన ధాన్యం తట్టతో వచ్చిన దసమంతపూర్ రైతొకాయన తడకలు మోస్తున్న మమ్మల్ని చూసి అక్కడి కొండభాష దేశియాలో నవ్వుతూ ఏదో అన్నాడు. బాబులకు ఇప్పుడు ఇల్లు కట్టడం వచ్చిందా అని అడుగుతున్నాడని ప్రసాదు తెలుగులో చెప్పాడు. ఇద్దరు కూలీలు, మేం మామాఅల్లుళ్ళం, ఇంటికొచ్చి పనికి దిగాం. సుత్తితో మొదటి సిమెంటు పెళ్ళ నేనే కొట్టాను. అంత తృప్తి నాకు ఏ పుస్తకం చదివినా కలగలేదు. దూలాలకు తడకలు కట్టి, పైన జానెడు మందం వరిగడ్డి పరిచి, నిప్పురవ్వ పడినా అంటుకోకుండా గడ్డి మీదా తడక కిందా ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తాం. పొయ్యి ఉన్న వైపు కిటికీ ఒక రెక్క ఎప్పుడూ తెరిచి ఉంచమన్నాను. మొదటి రెండు రోజులు మట్టి తడికి ఇల్లంతా చెరువుగట్టు వాసన వేసింది. విమల పిల్లతో పక్కింట్లో పడుకుంది, నా వైపు చూడలేదు.

ఐదో రోజు పొద్దున్న లేచి చూస్తే అల్లుడు మంచం దగ్గర వంగి దుప్పటి తడుముతున్నాడు. ముందు పిల్లది, తర్వాత విమలది, ఆ తర్వాత నన్ను లేపకుండా నాది. అన్నీ పొడిగా ఉన్నాయి. రోజుకి తట్టెడు బొగ్గు తినే కుంపటి సగం తట్టతో సరిపెట్టుకుంది. పిల్ల దగ్గు ఒక్కసారిగా పోలేదు, కానీ ఆ వారాంతానికి పాలు కక్కకుండా తాగింది. విమల పిల్ల ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు విన్నది. నర్సుగా విన్నదో తల్లిగా విన్నదో తెలియదు. తర్వాత ట్రంకు పెట్టె తెరిచి ప్రసాదు చొక్కాల పక్కన తన చీరలు పెట్టుకుంది.

"అమ్మకి నువ్వే సెప్పు నాన్నా" అంది. ప్రసాదు నన్ను జీపుదాకా దిగబెట్టి, నా సంచి రెండుసార్లు సరిచేసి వెళ్ళిపోయాడు.

ఇంటికి ఒంటరిగానే వచ్చాను. కరుణ అంతా విన్నది. తడకలు, గడ్డి, పిల్ల పాలు తాగడం, అన్నీ రెండోసారి చెప్పించుకుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "మా అన్నయ్య ఇంకా సర్వీసులో ఉండుంటే ఆ పిల్లలకి ఎప్పుడో ఏయించీవోడు పాపం" అంది. నేను పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

ఇంటి గురించి చాలా చదివాను. చలిదేశాలవాళ్ళు గోడల మధ్య ఊలు కూరుతారు, ఎడారివాళ్ళు మట్టిని మందంగా పోస్తారు. వేడి ఎటు పోతుందో కనిపెట్టి దాని దారిలో అడ్డం నిలబడటమే అందరూ చేసేది. మా కాపురానికి కావలసింది కూడా సంతలో ఒక పూట దొరికే వెదురూ, గడ్డీ, మట్టీ. అంత తేలికైన పని చెయ్యనందుకు పదకొండేళ్ళు పోయాయి. ఆ పదకొండేళ్ళలో నా కూతురు చదవడం నేర్చుకుంది, పొడుగైంది, పాటలు పాడింది. నేను వాటి గురించి విన్నాను గానీ చూడలేదు. మనవరాలు బోర్లా పడటం ప్రసాదు తన కళ్ళతో చూస్తాడు. ఈ ప్రయాణంలో నాకు దక్కింది అదే, చాలు.

చలికాలం అటు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. దసమంతపూర్‌లోగానీ కొరాపుట్‌లోగానీ రేకుల గదిలో బస చేయాల్సివస్తే మంచాన్ని గోడకు దూరంగా జరుపుకోండి, పైన కిటికీ కొంచెం తెరిచి ఉంచండి, తలుపులన్నీ మూసి కుంపటితో పడుకోకండి. లోకప్పు ఉన్న గది ఉందా అని ముందే అడగండి.

మా బావగారు విశాఖపట్నంలో, గదికొక ఫ్యాను ఉన్న డాబాలో, ఆరోగ్యంగా ఉన్నారు. పత్రికలు వదలకుండా చదువుతారు కాబట్టి ఇదీ చదువుతారు. చదివి, ఇది ఎవరి గురించో అని పక్కవాళ్ళను అడగక్కర్లేదు. నేను ఇప్పటికీ తప్పుపట్టేది సర్కారును కాదు, రేకును కాదు, కొరాపుట్ చలిని అసలే కాదు. రిటైర్డు ఓవర్సీరు దయానందాన్ని.