ముప్పై ఇంజన్లూ ఒకేసారి

నంద్యాల బస్టాండు దగ్గర సైకిల్ షాపులో పంక్చరు వేసే జిగురు వాసన తగిలితే చాలు, నేను ఆళ్లగడ్డ బాలికల హైస్కూలు మైదానంలో ఉంటాను. ప్లాస్టిక్ సీసాల మూతులకు ట్యూబు ముక్కలు అంటిస్తూ మేం నలుగురం, కొంగు నడుముకు దోపుకొని మా మధ్య కూర్చున్న షంషాద్ టీచరు. రోజూ నంద్యాల నుంచి బస్సులో వచ్చి మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు.

తొమ్మిదో తరగతిలో, నంద్యాల సైన్సు ప్రదర్శన కోసం ఐదు సీసాల రాకెట్టు చేశాం. సీసాలో కొంత నీళ్లు పోసి, పంపుతో గాలి కొట్టి వదిలితే పైకి లేస్తుంది. విడివిడిగా ఐదూ బడి కప్పు దాటి ఎగిరాయి. ఐదింటినీ కట్టి వదలడమే మిగిలింది. తెల్లవారితే ప్రదర్శన. ఆ పనేదో అక్కడే చేసుకోవచ్చని హెడ్మాస్టరు అన్నారు. టీచరు వినలేదు, సాయంత్రమే వదిలించారు. సీసాలను నేలకు పట్టి ఉంచే పట్టీల్లో ఒకటి ఆలస్యంగా ఊడింది. రాకెట్టు పక్కకు వాలి, మా తలల మీదుగా దూసుకుపోయి కిటికీ అద్దం పగలగొట్టింది.

నంద్యాలకు పోవడం లేదని టీచరు చెప్పేశారు. బడి పరువు పోతుందని హెడ్మాస్టరు కోప్పడితే విన్నారు గానీ మాట మార్చలేదు. నాకు ఏడుపు ఆగలేదు. "మేము పడిన కష్టమంతా ఊరికే పోతాంది గదా టీచర్" అన్నాను.

ఆమె మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టి సోవియట్ల కథ చెప్పారు. అంతరిక్షంలోకి మొదటి మనిషిని పంపిన దేశం చంద్రుడి మీద మాత్రం మనిషిని దించలేకపోయింది. అక్కడి పెద్ద ఇంజనీర్లకు ఒకరంటే ఒకరికి పడలేదు. అందరినీ నడిపించిన పెద్దాయన మధ్యలోనే చనిపోయాడు. అమెరికా ముందుకు పోతోందన్న తొందర ఒకటి. రాకెట్టు అడుగున ముప్పై ఇంజన్లు పెట్టారు గానీ, వాటన్నిటినీ కలిపి నేల మీద మండించి చూసే ఏర్పాటు చేసుకోలేదు. నాలుగుసార్లు పంపితే నాలుగుసార్లూ కూలిపోయింది. చివరకు ఆ పనే మూసేశారు.

"వాళ్లకేమన్నా తెలివి తక్కువనా మ్మే? అన్నీ కలిపి ఒక్కసారి చూసుకోలే, అంతే" అన్నారు టీచరు. లేస్తూ, "మనది ఎగిరినాక పోదాం. యాడికీ పోదు నంద్యాల" అన్నారు.

ఆ ఏడాదంతా వదలలేదు. ఎండలో, బడి అయ్యాక, ఎన్నిసార్లు కూలిందో. చివరకు ఐదు సీసాల పట్టీలూ ఒకే తీగ లాగితే ఊడేలా కుదిరింది. పదో తరగతిలో నంద్యాల వెళ్లాం. రాకెట్టు నిటారుగా లేచింది. బహుమతి మాత్రం బనగానపల్లె పిల్లలకు ఇచ్చారు. తిరుగు బస్సులో మా మొహాలు చూసి టీచరు, "ఎగిరిందా లేదా?" అని ఒక్కమాట అడిగారు. ఎగిరిందన్నాం. ఆమె హాయిగా కిటికీకి తల ఆనించి నిద్రపోయారు.

నిరుడు టీచరు పోయారు. నేనిప్పుడు సాగునీటి ఎత్తిపోతల పంపులు బిగించే కంపెనీలో ఇంజనీరును. మొన్న ఒకచోట పంపులన్నీ విడివిడిగా బాగానే తిరిగాయి. ప్రారంభోత్సవానికి పందిరి కూడా వేసేశారు. అన్నీ కలిపి నడిపి చూడందే అప్పగించనన్నాను. పై అధికారి ఫోన్లో చాలాసేపు అరిచాడు. విన్నాను. పందిరి విప్పించారు. సోమవారం అన్ని పంపులూ ఒకేసారి నడుపుతాం.