ముత్యాలమ్మకు పెట్టిన చిప్పు

ఆ రోజుల్లో నాకు చదువెంత ఉండెనో తెల్వదు గానీ పొగరు మాత్రం ఊరంత ఉండేది. దమ్మపేట అవతల అడవి పల్లె మాది. అక్కడి నుంచి హైదరాబాద్ ల్యాబుకు పోయిన మొదటి ఆడపిల్లను నేనే మరి! అక్కడ నేను చేసేది ఏందంటే, వెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలిక ఎంత మందం ఉంటదో, అంత మందం కమ్మీ. కరెంటిస్తే అది వణుకుద్ది. మీద కంటికి కనపడని నలుసు వాలినా ఆ వణుకుడు తగ్గుద్ది, ఎంత తగ్గిందో చూసి నలుసు బరువు చెప్పొచ్చు. (ఇంత వివరంగా చెప్తే మా నాయిన, "మిర్చి బస్తా తూగుద్దా?" అని అడిగిండు.)

ఏడాది కష్టపడితే అసొంటి కమ్మీ ఉన్న నాలుగు చిప్పులు చేతికొచ్చినయి. ఒకదాన్ని పరీక్ష చేసిన, బ్రహ్మాండంగా వణికింది. నాలుగు గూళ్ల డబ్బాలో దాని గూడు పక్కన గుర్తుకు ఎర్రపెన్నుతో చుక్క పెట్టుకున్న. మిగతా మూడు ఎట్లున్నయో ఇంకా చూడలే. సోమవారం మా సార్ ముందర చూపియ్యాలె, పనిచేస్తేనే ప్రాజెక్టులో ఉంటా, లేకుంటే ఇంటికే. బుద్ధి ఉన్నదైతే శని, ఆదివారాలు ల్యాబులో కూసుంటది. నేను ఎవరికీ చెప్పకుండ డబ్బా సంచిలో పెట్టుకొని ఖమ్మం బస్సెక్కిన. ఎవరికీ కనపడని వస్తువును ఊరందరికీ చూపియ్యాలని!

చూసినోళ్లంతా చూసిండ్రు. ఏదీ, ఏదీ అని మా బాబాయి డబ్బాను ఎండకు తిప్పి తిప్పి, దీనికోసమా నువ్వు గింత బక్కగైనవని జాలిపడ్డడు. దుమ్ము పడితే ఖరాబైతదని అందరికీ పదిసార్లు చెప్పి, డబ్బాను గోడ గూట్లో పెట్టిన. ఆదివారం పొద్దున తానం చేసి వచ్చేసరికి డబ్బా లేదు, నాయినమ్మ లేదు.

మా వాళ్లల్ల మామిడికాయైనా, చిక్కుడుకాయైనా, కొత్తది ముందుగాల దేవతకు పెట్టంది నోట్ల పెట్టుకోం. నాయినమ్మ ముత్యాలమ్మ కాడికి పోయి, కడిగిన ముఖంతో నవ్వుకుంట వచ్చింది. డబ్బా తెరిచి చూస్తే చుక్క ఉన్న గూడు ఖాళీ. చిప్పు అమ్మవారి ముందర పసుపులో మునిగి ఉన్నదట.

"గదే ఎందుకు తీసినవే?" అన్న, ఏడుపు ఆపుకుంట.

"నువ్వే గదా బిడ్డా, అమ్మ భాగమని దానికి బొట్టు పెట్టి తెస్తివి. మిగిలినయి ముట్టుకోలే, దుమ్ము పడుద్దని మూత గూడ జల్దీ ఏసిన."

అప్పటికే ఆమె దారిపొడుగునా అందరికీ చెప్పేసింది, ఎంత చదివినా మా పిల్ల పద్ధతి మరువలేదని. బాబాయి కండ్లనీళ్లు తుడుచుకున్నడు. నేను గూడ అవునన్నట్టు తల ఊపిన.

సోమవారం మొదటి చిప్పు చచ్చిపోయి ఉన్నది. రెండోది గూడ అంతే. మూడోదానికి కరెంటిచ్చినం. స్క్రీను మీద గీత మెల్లగ లేచింది, నిలబడ్డది. నాలుగోది ఏదని సార్ అడిగిండు. ల్యాబులోనే పడిపోయిందని చెప్పాలనుకొని దారిపొడుగునా తయారై వచ్చిన, నోట్లకెళ్లి మాత్రం నిజమే వచ్చింది: "మా ఊరి దేవతకు పెట్టినం సార్." ఇంకోసారి చిప్పును ల్యాబు గడప దాటిస్తే నువ్వు గూడ దాటినట్టే అని, ప్రాజెక్టు రిజిస్టర్లో నా పేరు రాసిండు.

తర్వాత ఇంతకంటె సన్నటియి ఎన్నో చేసిన, మెచ్చుకున్నోళ్లు మెచ్చుకున్నరు. మా పల్లెలో మాత్రం ఒక్కటి గూడ ఎవరికీ యాదికి లేదు. ఇప్పటికీ నేను పోతే, పద్ధతి మరువని పిల్ల వచ్చిందని ముసలోళ్లు అరుగు మీద జాగ ఇస్తరు. ఆ పిల్లను నేను కాదని చెప్పాలని ప్రతిసారీ అనుకుంట. అనుకుంటనే, రొమ్ము విరుచుకొని పోయి ఆ జాగలనే కూసుంట.