తమ్ముడి కాగితం

లైబ్రరీ పుస్తకాలకు వేసే ప్లాస్టిక్ అట్ట ఎండలో నిలబెట్టిన కారులో వేడెక్కితే ఒక వాసన వస్తుంది. కొత్త చెప్పుల పెట్టె మూత తీసినట్టుంటుంది. మొన్న శనివారం క్వేకర్స్ హిల్ స్టేషన్ దగ్గర కారు తలుపు తీయగానే ఆ వాసన గుప్పుమంది. వెనక సీట్లో మా అమ్మాయి పుస్తకం పడి ఉంది. దాని మీద వ్యాసం రాయమన్నారట స్కూల్లో. అట్ట మీద ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో ఒక ఇనుప గేటు. “ఎలా ఉందే?” అని అడిగాను. “సో స్లో, డాడ్. ఆ పెద్ద బ్రదర్ అస్సలు షటప్ అవడు,” అంది, ఫోన్లోంచి తలెత్తకుండానే. నవ్వబోయి ఆగిపోయాను. ఆ నవల మీద ఆరేళ్ల క్రితం నేను రెండు అభిప్రాయాలు రాశాను. ఒకటి నాది. రెండోది మా తమ్ముడిదని చెప్పి ఇచ్చాను. రెండూ అందుకున్న మనిషి రత్నకుమారి ఆంటీ.

ఆంటీది బాపట్ల. నర్సుగా వచ్చి సిడ్నీ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చికి తెల్ల నూలు చీర, మిగతా ఆరు రోజులూ ప్యాంటూ, పరుగెత్తే బూట్లూ. అంకుల్ పోయాక, ఇంట్లో టీవీతో మాట్లాడడం మొదలుపెట్టానని భయమేసి, లైబ్రరీ వెనక చిన్న గదిలో నెలకో శనివారం తెలుగువాళ్లని పోగుచేసి పుస్తకాలు చదివించేవారు. ఏడెనిమిది మందికి మించి ఎప్పుడూ లేరు. నేను పాఠకుడిగా వెళ్లలేదు. మా ఆవిడకి డ్రైవరుగా వెళ్లాను. కారులో కూర్చుని ఫోను చూసుకుంటుంటే ఆంటీ వచ్చి అద్దం మీద తట్టి, “ఏమయ్యా శేషూ, లోపల ఏసీ ఉంది, బిస్కెట్లున్నాయి. అన్నీ ఊరికేనే, రా,” అన్నారు. ఊరికే కాదని అప్పుడే తెలియాల్సింది. ఊరికే ఇస్తామన్నవాళ్లని నమ్మకూడదని చీరాలలో మా బట్టల షాపులో పాలుతాగే వయసు నుంచీ వింటూ పెరిగినవాణ్ణి, రెండు క్రీమ్ బిస్కెట్లకి పడిపోయాను.

అక్కడొక పద్ధతి ఉండేది. నోరు తెరిచి మాట్లాడే ముందు ఎవరి అభిప్రాయం వాళ్లు ఒక పేజీ రాసి తేవాలి. పుస్తకం ఇంగ్లీషుదైనా రాత తెలుగులోనే ఉండాలి, ఎందుకంటే “ఇంటర్నెట్టులో దొరికే అభిప్రాయాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కదయ్యా.” రాసినవాళ్లు కాక పక్కన కూర్చున్నవాళ్లు దాన్ని పైకి చదవాలి. ఒక్క ముక్క మార్చకూడదు. అది ఆమె నర్సింగులోంచి తెచ్చుకున్న నియమం. పేషెంటు చెప్పింది పేషెంటు మాటల్లోనే రాయాలట. నొప్పి ఎలా ఉందని అడగకుండా ‘నొప్పి తగ్గింది’ అని రాసిన కొత్త నర్సుని ఒకసారి మంచం దగ్గరికి వెనక్కి పంపి, అడిగించి, మళ్లీ రాయించారట. “మనకి తెలిసినా సరే, అడగాలి. తెలుసనుకున్న దగ్గరే మనుషులు పోతారు,” అనేవారు.

మొదటి రోజు నేను పేజీ మీద బేరం పెట్టాను. “సగం పేజీ చేయండి ఆంటీ.” “పేజీ.” “మీకూ వద్దు, నాకూ వద్దు, పదిహేను లైన్లు.” “పేజీ.” “సరే, పన్నెండు. ఇదే లాస్టు.” నేను తగ్గుతున్నానో పెరుగుతున్నానో కూడా ఆమె పట్టించుకోలేదు. కళ్లద్దాలు తుడుచుకుంటూ, “మీ షాపులో లాస్టు అన్నాక ఇంకెంత తగ్గిస్తారు?” అని అడిగారు. గదంతా నవ్వారు. ఆ నెల పేజీ రాశాను. అక్షరాలు మాత్రం బాగా లావుగా రాశాను.

మూడో నెలో, నాలుగో నెలో ఈ నవల వచ్చింది. ఇక్కడి పాత నవల. రైలు లైను చివర ఒక సబర్బు, అందులో ఇద్దరు అన్నదమ్ములు పెరిగి పెద్దవాళ్లవుతారు. తండ్రి ఇల్లు వదిలి పోయాక ఇంటి తరఫున మాట్లాడేది పెద్దవాడే. స్కూల్లోనూ వాడే, దుకాణంలోనూ వాడే. చివరికి తమ్ముడి ప్రేమ సంగతి ఆ పిల్ల తండ్రితో మాట్లాడింది కూడా వాడే. అక్కడే అంతా చెడుతుంది. ఏళ్ల తర్వాత అన్న వెతుక్కుంటూ వచ్చి తమ్ముడి గేటు ముందు నిలబడతాడు. తమ్ముడు గొట్టం పట్టుకుని గడ్డికి నీళ్లు పెడుతుంటాడు. అన్నని చూస్తాడు. నీళ్లు ఆపడు. నవల అక్కడితో అయిపోతుంది.

ఆ నీళ్ల మీద ఆ రోజు పెద్ద రభస జరిగింది. క్షమించలేదు కాబట్టే ఆపలేదని ఒక డెంటిస్టుగారు రాశారు. క్షమించాక ఇక ఆపడం ఎందుకని మా ఆవిడ రాసింది. నా కాగితం నా పక్కనున్న అకౌంటెంటు చదివాడు: “అన్న చేసినంత ఎవరూ చేయరు. తమ్ముడికి విశ్వాసం లేదు. కనీసం నీళ్లు కట్టేసి, లోపలికి రమ్మని, ఓ కప్పు టీ ఇవ్వాల్సింది. పుస్తకం వంద పేజీలు తగ్గిస్తే బాగుండేది.” వేరేవాడి గొంతులో వింటే నా మాటలు షాపు మైకులో చెప్పిన ప్రకటనలా ఉన్నాయి. ఆంటీ నన్నే చూస్తున్నారు. “నీకు తమ్ముడున్నాడు కదూ?” అన్నారు.

ఉన్నాడు. వాసు. చిన్నప్పుడు మా షాపులో మా ఇద్దరికీ నాన్న ఒక నాటకం నేర్పాడు. పరుపు మీద చీరలు పరచి మడతపెట్టడం వాసు పని, ధర చెప్పడం నా పని. ఆవిడెవరో బేరమాడి లేవబోతుంటే నేను కుదరదంటాను. అప్పుడు వాసు మడతపెడుతున్న చీర ఆపి, “పోనీలే అన్నయ్యా, పెద్దావిడ, ఇచ్చెయ్,” అనాలి. నేను విసుక్కున్నట్టు ముఖం పెట్టి ఇచ్చేయాలి. ధర ముందే పెంచి చెప్పామని ఇద్దరికీ తెలుసు. ఆ ఒక్క వాక్యం వాసు పదేళ్లపాటు అన్నాడు. అది నాన్న రాసిచ్చిన వాక్యం. ఎప్పుడనాలో కన్నుగీటి చెప్పేది నేను. మంచివాడి వేషం వాడిది గానీ అందులో వాడి సొంతమాట ఒక్కటీ లేదని నలభై దాటాక గానీ నాకు తట్టలేదు.

వాసు కూడా ఆస్ట్రేలియా వచ్చాడు. బ్రిస్బేన్‌లో ఇంజనీరు ఉద్యోగం చేస్తూ చేస్తూ మానేసి, బస్సు నడపడం మొదలుపెట్టాడు. ఈ నవల చదవడానికి రెండేళ్ల ముందు మా గృహప్రవేశానికి అక్కడి శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ నుంచి వస్తే, ఎవరో పెద్దాయన భోజనాల దగ్గర, “అదేం బాబూ, అంత ఉద్యోగం వదిలేశావట?” అన్నాడు. వాసు చేతిలో ముద్ద ఆపి నోరు తెరిచాడు. ఈలోపు నేనే అందుకున్నాను: “వీడు వదల్లేదండీ, ఉద్యోగమే వీణ్ణి వదిలేసింది!” విరగబడి నవ్వారు. వాసు తిని, తన ప్లేటు తనే కడిగి, వదినకి చెప్పి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ పండగలకి ఫోన్లో దీపం బొమ్మ వచ్చేది, అంతే.

ఇదంతా ఆంటీకి చెప్పలేదు. “మాకు కాస్త రాకపోకలు తగ్గాయి,” అన్నాను. “అయితే ఈ పుస్తకం అతనికి పంపి, అతని అభిప్రాయం కూడా ఒక పేజీ తెప్పించు. ఇక్కడ అందరూ అన్నలూ అక్కలే ఉన్నారు. చిన్నవాళ్ల మాట ఒకటి కావాలి నాకు,” అన్నారు. ఫోన్లో అడిగి చెప్తానన్నాను. కాగితం కావాలన్నారు. వచ్చే నెల అన్నాను. సరే, వచ్చే నెలన్నారు.

పుస్తకం కొన్నాను. కవరు మీద అడ్రసు రాశాను. లోపల ఏం రాసి పెట్టాలో తెలియక అది బల్ల మీదే ఉండిపోయింది. మీటింగు రోజు పొద్దున, స్నానానికి ముందు, కూర్చుని వాసు అభిప్రాయం నేనే రాసేశాను. వాడి అక్షరాలు కొంచెం ఎడమకి వాలుతాయి, అలాగే వాల్చాను. కావాల్సింది పేజీ, ఇస్తున్నది పేజీ అనుకున్నాను. పైగా వాడి వాక్యాలు నాకు రాకపోతే ఎవరికొస్తాయి? “అన్న మాట దురుసు గానీ మనసు మంచిది. తమ్ముడు ఎప్పుడో క్షమించేశాడు. సిగ్గుపడి నీళ్లు ఆపలేదంతే,” అని ముగించాను. రాస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా సరుకు చూసి నేనే మోసపోయాను.

ఆ కాగితాన్ని ఆంటీ ఎవరికీ ఇవ్వలేదు, తనే చదివారు. చదివి, మడతపెట్టి, ఫైల్లో పెట్టుకున్నారు. బయట కారు దగ్గర మాత్రం, “మీ తమ్ముడు చాలా మంచివాడు శేషూ. నేనైతే ఇంత త్వరగా క్షమించేదాన్ని కాదు,” అన్నారు. నేను “మా వాడంతే ఆంటీ,” అన్నాను. ఆమె అక్కడే కాసేపు నిలబడ్డారు. నిజం చెప్పడానికి అంత సమయం నాకు ఇంకెప్పుడూ దొరకలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లలో ఎప్పుడు కలిసినా వాసు గురించి అడిగేవారు. సెలవులకి వస్తాడనేవాణ్ణి, డ్యూటీ మారిందనేవాణ్ణి. ఆమెకి జబ్బు చేసి కూతురి ఇంట్లో ఉన్నప్పుడు చూడటానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. “వాసుని తీసుకురావయ్యా. ఒక్కటే అడగాలి. ఆ తమ్ముడు నీళ్లు ఎందుకు ఆపలేదు?” అన్నారు. “అదేముంది ఆంటీ, వాడు అప్పుడే రాశాడుగా...” అని మొదలుపెట్టాను. దుప్పటిలోంచి చెయ్యి తీసి అడ్డం పెట్టారు. “నిన్ను కాదు.” అరిచి చెప్పలేదు. కోపం కూడా లేదు. మంచం దగ్గరికి వెనక్కి వెళ్లి అడిగి రమ్మని చెప్పే గొంతు అది. ఆమెకి మొదటి రోజే తెలిసిందో, నాలుగేళ్లకి తెలిసిందో, అసలు తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చే నెల తప్పకుండా తెస్తానన్నాను. ఆమెతో నేనాడిన చివరి బేరం అదే. ఆ నెల ఆమెకి రాలేదు.

చర్చిలో అంతా అయ్యాక ఆమె కూతురు ఎవరి కాగితాలు వాళ్లకి తిరిగి ఇచ్చింది. నాకు నావీ, వాసు పేరున్నదీ ఇచ్చింది. ఆ వారమే పుస్తకం పోస్టు చేశాను. లోపల ఆ దొంగ కాగితం పెట్టి, “ఇది నీ పేరు మీద నేను రాసింది. తప్పు చేశాను,” అని రాశాను. మూడు వారాలకి ఫోనొచ్చింది.

“అన్నయ్యా, తమ్ముడు క్షమించాడని ఆ పుస్తకంలో ఎక్కడుంది?” పలకరింపు లేదు.

“లేదు.”

“మరి నా పేరు పెట్టి ఎలా రాశావు?”

జవాబులు మూడు వరసగా నాలుక మీదికొచ్చాయి, మూడూ బాగానే అమ్ముడుపోయేవి. ఏదీ బయటికి తీయలేదు.

“ఆవిడ నా గురించి ఏమనుకుంది?”

“చాలా మంచివాడివంది రా.”

“అది నా గురించి కాదుగా,” అన్నాడు.

వాడి వెనక డిపోలో ఏదో బస్సు రివర్సు అవుతున్న చప్పుడు వినిపిస్తోంది.  అది ఆగాక, తమ్ముడు నీళ్లు ఎందుకు ఆపలేదన్న ఆంటీ ప్రశ్న అడిగాను. దాని వెనకాలే, ఉద్యోగం ఎందుకు మానేశావని కూడా అడిగాను. ఇన్నేళ్లకి మొదటిసారి. వాడు చాలాసేపు చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగి “ఉన్నావా?” అన్నాడు. ఉన్నానన్నాను, అంతే. వాడు ఏం చెప్పాడో ఇక్కడ రాయడం లేదు. అది వాడు రాయాల్సిన కాగితం. విని, ఒక్క ముక్క మార్చకుండా ఒకే ఒక్కరికి వినిపించాలనిపించింది, కానీ ఆమె లేరు.

ఇప్పుడు నలుగురిలో ఎవరైనా మా ఆవిణ్ణో అమ్మాయినో ఏదైనా అడిగితే నోరు బిగించి కూర్చుంటాను. మా ఆవిడ దీన్ని జబ్బనుకుని ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దామంది. పదిసార్లలో మూడుసార్లు ఇప్పటికీ నేనే అందుకుంటాను. అప్పుడల్లా దుప్పటిలోంచి వచ్చిన ఆ చెయ్యి కనిపిస్తుంది, మాట సగంలో మింగేస్తాను. మళ్లీ ఫోన్ చేస్తానని వాసు అనలేదు. ఎప్పుడు చేస్తావని నేనూ అడగలేదు.